డికాషన్ మాస్టారి మాన్‌హట్టన్

ఆరువందల మందికి పైగా మందు కలపడం నేర్పిన మనిషి, జన్మలో ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోలేదంటే ఎవరూ నమ్మరు. ఎవరూ నమ్మకూడదనే ఆయన తాపత్రయం కూడాను.

హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో బార్ పాఠం ఆయనది. ఇరవై రెండేళ్ళ కిందట అక్కడ స్టోర్సులో గుమాస్తాగా చేరాడు. దుప్పట్లూ పళ్ళేలూ చెంచాలూ తీసివ్వడం, మళ్ళీ లోపల పెట్టడం ఆయన పని. చేరిన ఆరో నెలలో, బార్ పాఠం చెప్పే మనిషి ఓడలో ఉద్యోగం దొరికి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాలు పుస్తకం పట్టుకుని కంగారుగా బయటికొచ్చి, వరండాలో ఎదురుపడ్డ మొదటి మనిషికి దాన్ని అంటగట్టి, "ఈ వారానికి మీరు కానిచ్చెయ్యండి" అన్నాడు. ఎదురుపడ్డది ఈయన. ఆ వారం ఇంకా అయిపోలేదు.

కాలేజీలో అసలు సరుకు ఉంచడానికి అనుమతి లేదు. అందుకని మాస్టారు సొంత తెలివితో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. స్కాచికి పల్చటి టీ డికాషను, రై విస్కీకి చిక్కటి డికాషను. తీపి వెర్మూత్ అనే మూలికల వైనుకి బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు, తీపి లేని డ్రై వెర్మూత్‌కి నిమ్మచెక్క నానేసిన నీళ్ళు. బిటర్స్ అనే చేదు చుక్కలకి లవంగాల కషాయం. ఇవన్నీ రోజూ పొద్దున్నే ఆయన భార్య కాచి, చల్లార్చి, సీసాల్లో పోసి, చీటీలు అంటించి ఇచ్చేది. ఆ తర్వాత ఆవిడ తన ఉద్యోగానికి బయల్దేరేది. ఆవిడ పనిచేసేది మందుల షాపులో. ఇంట్లో మొగుడికి మందు కాచి, మందుల షాపుకి వెళ్ళే ఇల్లాలు ఆ చుట్టుపక్కల ఆవిడొక్కతే.

ఈ సరంజామాతో క్లాసులో నిలబడి మాస్టారు కళ్ళు మూసుకునేవాడు.

"రై అంటే ఏమిటి? గోధుమకి పెత్తల్లి కొడుకు. బంధుత్వం ఉంది, కానీ పొగరెక్కువ. నాలిక మీద పెట్టగానే మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. మింగాక ఛాతీలో చిన్న దీపం వెలుగుతుంది. రెండు పాళ్ళు రై, ఒక పాలు తీపి వెర్మూత్, రెండే రెండు విదిలింపులు బిటర్స్. ఐసులో తిప్పాలి, కుదపకూడదు. కాడ ఉన్న చల్లటి గ్లాసులోకి వడగట్టి, అడుగున ఒక చెర్రీ వెయ్యాలి. అదీ మాన్‌హట్టన్!"

విద్యార్థులు "ఛాతీలో దీపం" అని రాసుకునేవారు. పరీక్షలో అది రాసినవాడికి ఒక మార్కు ఎక్కువ.

చేతి పని మాత్రం నిఖార్సయినది. పొడుగాటి చెంచాని గ్లాసు గోడవారగా ఆయన ముప్పైసార్లు తిప్పితే ఒక్క ఐసు ముక్క చప్పుడు చేసేది కాదు. ఆ పనితనం చూసి బయటివాళ్ళు ఆయన్ని పెద్ద రసికుడనుకునేవారు. ఉద్యోగంలో మొదటి ఏడాది ఎవరింట్లోనో విందులో గ్లాసు అందిస్తే, బెదిరిపోయి, "రోజంతా రుచి చూస్తూనే ఉంటానండీ, సాయంత్రం నాలిక్కి విశ్రాంతి ఇస్తాను" అనేశాడు. అబ్బా, ఏం మనిషిరా అనుకున్నారంతా. ఆ ఒక్క మాటతో ఆయన తలుపు తనే బయటినుంచి గడియ పెట్టుకున్నాడు. అప్పటినుంచి తాగుదామన్నా తాగే వీల్లేకుండా పోయింది. మొదటి గుక్కకి మొహం చిట్లిస్తే పరువేం కాను?

వెనకాల విద్యార్థులు ఆయన్ని డికాషన్ మాస్టారు అనేవాళ్ళు. ఆ సంగతి తనకు తెలియదని వాళ్ళు అనుకుంటున్నారని ఆయనకు తెలుసు.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి అత్తగారు దిగింది.

ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. పెద్దకూతురింట్లో మెట్లెక్కువ, ఇక్కడ లిఫ్టు ఉంది. మూడు నెలలుండి కాలు సరిచేసుకుని వెళ్తానని ఒక ట్రంకుపెట్టె, ఒక చేతికర్ర, ఒక నోరు తెచ్చుకుంది. మొదటి రెండూ మూలన ఉండేవి.

ఆవిడ ఒకప్పుడు పెద్ద హోటల్లో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఏం పని అని పెళ్ళిచూపులప్పుడు ఎవరో అడిగితే, "బార్‌లో గ్లాసులు కడుగుతాను" అని తడుముకోకుండా చెప్పింది. మాస్టారు ఆ మాట విని, అత్తగారి చదువూ సంస్కారం ఆ పూటే అంచనా కట్టేసి, మళ్ళీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

వచ్చిన మూడో రోజు సాయంత్రం, ఆయన కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. ఎదురుగా "రై" అని చీటీ అంటించిన సీసా, పక్కన ఖాళీ గ్లాసు. మొహం వేపాకు నమిలినట్టుంది.

"అల్లుడుగారూ, మీ విస్కీలో పంచదార తక్కువైంది."

"అది... అది విస్కీ కాదండీ. క్లాసు కోసం..."

"టీ అని తెలుస్తూనే ఉంది లెండి. చల్లారిన టీ. మరి అసలుదెక్కడ పెట్టుకుంటారు?"

"అసలుది ఉండదండీ."

"అంటే ఇంట్లో ఉండదా?"

భార్య స్టవ్వు దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే చెప్పేసింది. "ఎక్కడా ఉండదమ్మా. ఆయన ఎప్పుడూ తాగలేదు."

అత్తగారు అల్లుణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. నవ్వలేదు. నవ్వితే ఆయనకి కాస్త నయంగా ఉండేది.

"ఇరవై రెండేళ్ళా?" అంది. "మంచం మీద పడుకోబెట్టి ఈత నేర్పుతున్నారన్నమాట. మునిగిపోయినవాళ్ళెవరూ వెనక్కొచ్చి చెప్పలేదా?"

తర్వాత తన గదిలోకి కర్ర పొడుచుకుంటూ వెళ్ళి, "మోకాళ్ళ తైలం" అని కూతురి చేతిరాతతో చీటీ ఉన్న ఒక సీసా తీసి, రెండు వేళ్ళెత్తు పోసుకుంది. కూతురి మందుల షాపులో దొరకని మందులు కూడా కొన్ని ఆవిడ దగ్గర ఉండేవి.

ఆ తర్వాతి సోమవారం ప్రిన్సిపాలు మాస్టార్ని గదిలోకి పిలిచి కుర్చీ వేయించాడు. ఇరవై రెండేళ్ళలో కుర్చీ వేయించడం అదే మొదలు కాబట్టి మాస్టారు దాని అంచుమీదే కూర్చున్నాడు.

"ఐదు నక్షత్రాల హోటల్ మన కాలేజీతో ఒప్పందానికొస్తోందండీ! మన విద్యార్థులందర్నీ వాళ్ళే తీసుకుంటారు. వచ్చే వారం శుక్రవారం వాళ్ళ పానీయాల డైరెక్టరు స్వయంగా వస్తాడు. పాఠం చూస్తాడు. సీసాలన్నీ వాళ్ళే తెస్తారు, అనుమతి కూడా వాళ్ళదే. అసలైన సరుకు! మీరు మాన్‌హట్టన్, దాని రకాలు రెండు మూడు కలిపి, రుచి చూసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మీకు చెప్పేదేముంది, మీ నాలికే మన కాలేజీకి ఆస్తి!"

ఆస్తి అప్పటికే ఎండిపోయి అంగిలికి అంటుకుంది.

ఇంటికొచ్చి ఆయన భార్యకి చెప్పాడు. జ్వరమని సెలవు పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. కాలు విరిగిందంటేనో? ఆవిడ మామూలుగానే బీట్‌రూట్ తరుగుతూ, "కాలికి కట్టున్న మనిషి పక్క గదిలోనే ఉంది. వెళ్ళి అడగండి" అంది.

"గ్లాసులు కడిగినావిణ్ణి ఏమడగమంటావ్?"

"గ్లాసులు కడగడం ఎలాగో అడగండి. వెళ్ళండి."

ఆదివారం పొద్దున్న పదింటికి వంటింటి బల్ల దగ్గర ఆయన చదువు మొదలైంది. అత్తగారు ట్రంకుపెట్టె తెప్పించి, మోకాలికి చుట్టే పట్టీల మధ్యనుంచి ఒక రై సీసా పైకి తీసింది. తైలం సీసాకి అది తల్లి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. హోటల్లో బార్‌మ్యాన్‌కి ఆదివారాలు ఒంట్లో బాగుండేది కాదు, శనివారాల వల్ల. ఆ ఆదివారాలన్నీ, తొమ్మిదేళ్ళపాటు, బల్ల వెనక నిలబడి కలిపింది ఈవిడే. మిగతా ఆరు రోజులూ సింకు దగ్గర నిలబడి, వెనక్కొచ్చిన గ్లాసుల్లో ఎవరు ఏది సగంలో వదిలేశారో చూస్తుండేది.

"ముందు వాసన చూడండి. ముక్కు లోపల ముంచేయకండి, అది బావి కాదు. ఆఁ. ఇప్పుడు కొంచెం."

మాస్టారు కొంచెం తాగాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత అన్నీ ఒకేసారి అయ్యాయి. కళ్ళ నీళ్ళు, పొలమారడం, బల్ల పట్టుకోవడం. భార్య పరుగున వచ్చి నెత్తిమీద తట్టింది. దగ్గు తెరిపినపడ్డాక ఆయన తలెత్తి, వెలిగిపోతున్న మొహంతో అన్న మొదటి మాట ఇది:

"మిరియం! నేను చెప్పింది నిజమేనే! చురుక్కుమంది!"

"మీరు చెప్పింది కాదు, పుస్తకం చెప్పింది" అంది అత్తగారు. "దీపం వెలిగిందా?"

ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "దీపం కాదండీ. వేణ్ణీళ్ళ సంచీ పెట్టినట్టుంది."

"హమ్మయ్య. ఇది మీ సొంత మాట."

తర్వాత ఆవిడ ఆయన చేతే కలిపించింది. రెండు పాళ్ళు, ఒక పాలు, రెండు విదిలింపులు. చెంచా తిప్పుతుంటే చప్పుడు కాకపోవడం చూసి, మొదటిసారి కనుబొమ్మలెత్తి, "చెయ్యి బాగుంది. నోరే ఆలస్యమైంది" అంది. చల్లబడ్డ గ్లాసులోంచి ఆయన గుక్క వేశాడు. ఇందాకటి పొగరుబోతు ఇప్పుడు తలదువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని వచ్చినట్టుంది. మిరియం ఉంది, కానీ దాని వెనకాల ఎండు ద్రాక్ష తీపి, ఆ వెనకాల ఏదో చెట్టు బెరడు చేదు. మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టాడు. బీట్‌రూట్ నీళ్ళలో చిక్కటి టీ కలిపి, ఇదే అది అని తను చెప్పిన ఆరువందల మొహాలూ కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. పాపం, వాళ్ళంతా నమ్మారు.

తీపి వెర్మూత్ సగం, డ్రై సగం పోస్తే పర్‌ఫెక్ట్ అంటారంది అత్తగారు. "మొగుడూ పెళ్ళాం సమానంగా పోట్లాడుకునే ఇల్లులాంటిది. పేరుకే పర్‌ఫెక్ట్." మొత్తం డ్రై పోసి చెర్రీ బదులు నిమ్మతొక్క వేస్తే అది ఇంకోటి. "ఇది నాకు పడదు. అత్తింటికొచ్చిన కొత్తకోడలిలా ముభావంగా ఉంటుంది." రై తీసేసి స్కాచి పోస్తే ఏకంగా పేరే మారిపోతుంది. "ఎన్ని రకాలైనా ఇంతేనండీ. ఒకటి తీస్తారు, ఒకటి పెడతారు. ఆ కాస్తకీ మీ పుస్తకాల్లో పది పేజీలు."

చివర ఆవిడ ఇంకో వెర్మూత్ సీసా తీసింది. ఏడాది కిందట మూత తీసి, ట్రంకుపెట్టెలో మర్చిపోయింది అది. "వాసన చూడండి." చూశాడు. పచ్చడి జాడీ అడుగున మిగిలిన పులుపు. "వెర్మూత్ అంటే ఎంత చేసినా ద్రాక్షరసమే. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి. నెలా రెణ్ణెల్లలో అవగొట్టాలి. బయట ఎండ తగిలేచోట పెడితే ఇదిగో, ఇదవుతుంది. గ్లాసుకి గ్లాసు వెనక్కొచ్చేది దీనివల్లే. ఈ వాసన మర్చిపోకండి."

ఆయన ఆ సీసాని నాలుగుసార్లు వాసన చూశాడు. పాఠం అప్పజెప్పడం ఆయనకి అలవాటే.

శుక్రవారం వచ్చింది, డైరెక్టరూ వచ్చాడు. నున్నటి గుండు, దానికి పరిహారంగా బొడ్డుదాకా గడ్డం. కొలిమి దగ్గర కమ్మరి కట్టుకునేలాంటి తోలు ఏప్రన్. కాఫీ ఇస్తే తాగడానికి ముందు కప్పుని వెలుతురుకెత్తి చూశాడు. మాటకు ముందోసారి, వెనకోసారి "ప్రయాణం" అంటాడు. "గ్లాసు అంటే గ్లాసు కాదండీ, ప్రయాణం. ఈ గ్లాసు నన్ను ఎక్కడికి తీసుకెళ్తోంది అని అడగాలి." ప్రిన్సిపాలు ఊపిన తల ఊపుతూనే ఉన్నాడు.

హోటల్ వాళ్ళు తెచ్చిన సీసాలన్నీ హాల్లో కిటికీ గట్టు మీద ఎండలో వరసగా మెరుస్తున్నాయి. అన్నీ సగం సగం వాడినవి. మాస్టారు గ్లాసులో ఐసు వేశాడు. రై పోశాడు. వెర్మూత్ సీసా మూత తిప్పి, అలవాటు లేకపోయినా, ఆదివారం చెప్పారు కదా అని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పచ్చడి జాడీ.

నిజానికి ఆయన ధైర్యవంతుడేమీ కాడు. పై అధికారి తుమ్మితే చిరంజీవ అనే రకం. కానీ అక్షరాలు కొత్తగా వచ్చిన పిల్లాడు దారిలో కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేసినట్టు, జీవితంలో మొదటిసారి ఒక వాసన గుర్తుపట్టిన సంబరంలో ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇది పాడైపోయిందండీ!"

ప్రిన్సిపాలు తల ఊపడం మధ్యలో ఆగిపోయింది. డైరెక్టరు సీసా అందుకుని వాసన చూశాడు. చెవి తమ్మెలు ముందు ఎరుపెక్కాయి, తర్వాత మెడ, తర్వాత గుండు. ఆ ఎరుపు గడ్డం దాకా దిగేలోపు అతను పకపకా నవ్వి, మాస్టారి భుజం చరిచాడు.

"శభాష్! పదకొండు కాలేజీలు తిరిగానండీ. ఇదే సీసా పెట్టాను. ఇది పరీక్ష! పట్టుకున్నది మీరొక్కరే!"

చప్పట్లు మోగాయి. ఆ చెవి తమ్మెల్ని అందరికంటే దగ్గర్నుంచి చూసిన మాస్టారికి అది పరీక్ష కాదని స్పష్టంగా తెలుసు. కానీ చప్పట్లు మోగుతుంటే ఆపమని చెప్పడం ఎవరివల్ల అవుతుంది? హోటల్ వాళ్ళ సంచీలోంచి కొత్త సీసా తీయించి కలిపాడు, పొలమారకుండా తాగాడు, వేణ్ణీళ్ళ సంచీ సంగతి పక్కనపెట్టి ఛాతీలో దీపం గురించి చెప్పాడు. ఇంటికెళ్ళేసరికి తనది పుట్టుకతో వచ్చిన నాలిక అని ఆయనకే నమ్మకం కుదిరింది. ఐదు రోజుల పసిగుడ్డు నాలిక అది.

వారం తిరక్కుండా కాలేజీ గేటుకి అడ్డంగా ఒక బ్యానర్ లేచింది. దాని మీద గ్లాసెత్తి పట్టుకున్న మాస్టారి బొమ్మ, కింద "బంగారు నాలిక మన సొంతం" అని. డైరెక్టరు దగ్గర్నుంచి పిలుపు కూడా వచ్చింది. హోటల్ కొత్త మెనూ తయారవుతోంది, పేరు "పన్నెండు మాన్‌హట్టన్‌లు", రుచి చూసి అభిప్రాయం చెప్పాలి, ఆయన ఫొటో, ఆయన మాటలు మెనూలో అచ్చవుతాయి.

బుధవారం మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. నల్లరాతి బల్ల మీద చిన్న చిన్న గ్లాసులు పదమూడు పెట్టారు. మొదటిది ఊరికే పోల్చి చూసుకోవడానికట. మామూలుది. అది బాగుంది. అక్కడితో ఆపేసి లేచి ఉంటే ఈ కథ లేదు.

ఒకటి గాజు మూత కింద పొగపెట్టి తెచ్చారు. మూత తీస్తే బస్సు డిపో వాసన. ఒకదాని మీద బీట్‌రూట్ నురగ. దాన్ని చూసి మాత్రం ఆయనకి పాత స్నేహితుణ్ణి చూసినట్టయింది. ఒకటి బొగ్గుపొడితో నల్లగా ఉంది, తాగాక పళ్ళు కూడా నల్లబడ్డాయి. ఒకదాన్ని పుట్టగొడుగులు నానేసిన రైతో చేశారు. ఒకటి బల్బు ఆకారం గాజులో పోసి, స్విచ్చు నొక్కితే వెలుగుతుందన్నారు. నొక్కితే వెలగలేదు. "అమ్మమ్మ బీరువా" అని ఒకటుంది. అందులో నిజంగానే కలరా ఉండల వాసన.

"ఎలా ఉంది ప్రయాణం?" అని గ్లాసు గ్లాసుకీ అడిగాడు డైరెక్టరు.

చుట్టూ ఏడెనిమిది మంది కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫొటో తీసేవాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. ఇరవై రెండేళ్ళ అభ్యాసం ఊరికే పోలేదు. "అడవిలో తొలకరి", "పాత ఉత్తరాల మౌనం", "చీకట్లోంచి నడిచొచ్చే తీపి" అని పన్నెండింటికీ పన్నెండు వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అందరూ రాసుకున్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు బాల్కనీలో కాలు చాపుకుని కసరత్తు చేస్తోంది. ఆరు కావొస్తోంది.

"ఎలా ఉన్నాయి?"

"అద్భుతంగా ఉన్నాయండీ. ఒక్కొక్కటి ఒక్కో..."

"నాతో చెప్పండి."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఒక్కొక్కటే చెప్పాడు. పొగ, నురగ, బొగ్గు, బల్బు, గ్లాసు గ్లాసుకీ డైరెక్టరడిగిన ప్రయాణం. చెబుతుంటే గొంతు తగ్గుతూ వచ్చింది. కలరా ఉండల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు.

"దాన్నేమన్నారు?"

"పాత ఉత్తరాల మౌనం అన్నాను."

"ప్రయాణం ఎక్కడికటా? బాత్రూమ్‌కా?" అంది అత్తగారు. కాలు నెమ్మదిగా దించుకుని, ఆయన మొహంలోకి చూసింది. "ఇన్నాళ్ళూ తెలియక అబద్ధం చెప్పారు. ఇవాళ్టినుంచి తెలిసి చెబుతున్నారు. ప్రమోషనే అల్లుడుగారూ."

ఆరింటికి ఆవిడ తన గ్లాసు కలుపుకుంది. ఒక్క గ్లాసే. పాఠం చెప్పిన ఆదివారం నుంచి నిన్నటిదాకా రోజూ రెండు కలిపేది, రెండోది అల్లుడికి. మర్నాడూ ఒకటే, ఆ మర్నాడూ ఒకటే. కోపంగా ఏమీ లేదు, టీవీలో వచ్చే సీరియల్ గురించి మామూలుగానే మాట్లాడుతోంది. అదే ఆయనకి మరీ ఒళ్ళు మండించింది. తిట్టొచ్చు కదా!

శనివారం పొద్దున్న కాలేజీకి వెళ్ళే దారిలో మాస్టారు హోటల్ దగ్గర దిగిపోయాడు. డైరెక్టరు తన గదిలో ఏప్రన్ లేకుండా, గడ్డానికి క్లిప్పు పెట్టుకుని, రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. ఏప్రన్ లేకపోతే అతను కాస్త జలుబు చేసిన మామూలు మనిషిలా ఉన్నాడు.

"నేను బుధవారం చెప్పినవన్నీ తప్పండీ" అన్నాడు మాస్టారు నిలబడే. "పన్నెండూ బాగాలేవు. ఆ బీరువా అయితే ఎవరైనా తాగి ఆస్పత్రిలో పడతారు. కావాలంటే గ్లాసులు కడిగేచోట నిలబడి చూడండి, ఎన్ని నిండుగా వెనక్కొస్తాయో."

డైరెక్టరు రొట్టె కిందపెట్టలేదు. "ఒక్కటీ బాగాలేదా?"

"ఒకటి బాగుంది. మొదటిది. మామూలుది."

"అదొక్కటే మెనూలో లేదండీ" అన్నాడు అతను, నిజంగానే బాధగా. తర్వాత తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "మాస్టారూ, నేనూ ఇంటికెళ్ళి అదే తాగుతాను. కానీ మామూలుది కలపడానికి డైరెక్టరెందుకని అడుగుతారు కదా పైవాళ్ళు?"

టీతో విస్కీ నేర్పిన మనిషి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

మెనూ అచ్చయింది. ఫొటో మాత్రం వేరే కాలేజీలో బార్ పాఠం చెప్పే ఆయనది. పదకొండు కాలేజీల్లో ఒకాయనన్నమాట. పాడైన వెర్మూత్‌ని లొట్టలేసుకుంటూ తాగినాయన. మాటలు మాత్రం మన మాస్టారివే, అక్షరం పొల్లుపోకుండా, ఆ కొత్త ఫొటో కింద. ఒప్పందం కూడా ఆ కాలేజీకే పోయింది. ప్రిన్సిపాలు మూడు రోజులు మాస్టారితో మాట్లాడలేదు. నాలుగో రోజు బ్యానర్ విప్పించి, మడిచి, పారేయడానికి మనసొప్పక ఆయన చేతికే ఇచ్చాడు. అంత పెద్ద మొహాన్ని సంకలో పెట్టుకుని ఆయన లిఫ్టులో ఎక్కితే, పక్కింటాయన తివాచీ కొన్నారా అని అడిగాడు.

క్లాసులో పెద్ద మార్పేమీ రాలేదు. అనుమతి లేదు కాబట్టి టీ టీయే. కాకపోతే ఇప్పుడాయన చెంచా పట్టుకునే ముందు, "ఇది టీ. అసలుది ఇలా ఉండదు. ఎలా ఉంటుందో మీ నోటితో మీరు తెలుసుకోండి, నా మాట రాసుకోకండి" అంటాడు. విద్యార్థులు అది కూడా రాసుకుంటున్నారు.

బ్యానర్‌ని భార్య బాల్కనీకి పడమటి ఎండ తగలకుండా అడ్డంగా కట్టింది. లోపలి వైపుకి బొమ్మ వచ్చింది. అందుకని సాయంత్రాలు అత్తగారూ అల్లుడూ మాస్టారి ఆరడుగుల మొహం కింద కూర్చోవాల్సి వస్తోంది. గ్లాసులు మళ్ళీ రెండయ్యాయి. ఎప్పటినుంచని ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఒకరోజు భార్య మందుల షాపు నుంచి వచ్చేసరికి ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు.

"ముప్పై తిప్పులు చాలండీ. మీరు నలభై తిప్పారు, నీళ్ళు పట్టేసింది!"

"నలభై తిప్పితేనే చల్లబడుతుంది. మీ టీకి చాలేమో ముప్పై."

ఆవిడ భుజానికున్న సంచీ దించకుండానే, చెప్పులు విప్పకుండానే అక్కడ నిలబడి, మొగుడి చేతిలో గ్లాసు అందుకుంది. ఆయన ఒక్క గుక్కే తాగాడు. మిగిలినదంతా ఆవిడ మంచినీళ్ళు తాగినట్టు తాగేసి, చెర్రీ కూడా నమిలి, గ్లాసు తిరిగి చేతిలో పెట్టింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అన్నారు ఒకేసారి.

"చల్లగా ఉంది" అని ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.